పెడలు మొదలు చక్రము వఱకు

మోటారు బండ్లు పుట్టిన తొలి దశాబ్దములలో వానిని నడపించుటకు పడిన శ్రమలో పదవ వంతైనను వానిని నిలుపుటకు ఎవరును పడలేదు. చోదకుని పాదము క్రింది పెడలునకును చక్రమునందలి బ్రేకునకును నడుమ ఇనుప కడ్డీలు, ఉక్కు తీగెలు, వానిని కలుపు కీళ్ళు, మీటలు మాత్రమే యుండెడివి. 1902లో ఫ్రాన్సునందు లూయీ రెనో వాడుకలోనికి తెచ్చిన డ్రమ్ము బ్రేకులో రెండు షూలు విచ్చుకొని, తిరుగుచున్న డ్రమ్ము లోపలి గోడను ఒరయుచు చక్రమును పట్టుకొనును. ఆ పద్ధతి మంచిదే. కాని ఆ షూలను విచ్చుటకు కావలసిన బలమును నాలుగు చక్రములకును సమముగ పంచుట కడ్డీలకు చేతకాలేదు. ముందు చక్రములు మలుపులలో ఇటునటు తిరుగవలెను, గుంటలలో పైకిని క్రిందికిని కదలవలెను. అట్టి చక్రమునకు కడ్డీని తగిలించినచో, బండి మలుపు తిరిగినపుడెల్ల త్రొక్కకుండగనే బ్రేకు పడుటయో, త్రొక్కినను పడకుండుటయో సంభవించును. ఈ భయముచేతనే పెక్కు కంపెనీలవారు వెనుక చక్రములకు మాత్రమే బ్రేకులు అమర్చి తృప్తినొందిరి. ఇటలీలో ఇసొట్టా ఫ్రాస్కీనీ వారు 1910 ప్రాంతమునను, హిస్పానో సూయిజా వారు 1919లోను నాలుగు చక్రములకు బ్రేకులు పెట్టి చూపిరి గాని, అవి ఐశ్వర్యవంతుల వాహనములు. ఆ కీళ్ళను నిత్యము సవరించుచుండుటకు ఇంట ఒక పనివానిని ఉంచుకొనగలవారికే అవి తగియుండెను. తక్కినవారి బండ్లలో సమముగ బిగించిన తీగె కొలది దినములకే ఒకవైపు సాగి, బ్రేకు త్రొక్కినంతనే బండిని బాట ప్రక్కనున్న గోతివైపు లాగుకొనిపోవుట సర్వసామాన్యమైన విషయము.

ఈ చిక్కునకు పరిష్కారము అంతకు రెండున్నర శతాబ్దములకు పూర్వమే పుస్తకమున పడియుండెను. బ్లేజ్ పాస్కల్ 1662లో మరణింపగా, మరుసటి సంవత్సరము వెలువడిన ఆయన గ్రంథమున, మూసియున్న పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము ఆ ద్రవమంతటను అన్ని దిక్కులకును తరుగక వ్యాపించునను సూత్రము స్థాపింపబడినది. కడ్డీని ఎంత శ్రద్ధతో కొలిచి చేసినను ఒక చక్రమునకు ఎక్కువయు, వేఱొక చక్రమునకు తక్కువయు పంచును. ద్రవమునకు అట్టి పక్షపాతము లేదు, ఉండజాలదు. 1795లో ఇంగ్లండునందు జోసెఫ్ బ్రామా ఈ సూత్రము ననుసరించియే జలపీడన యంత్రమునకు పేటెంటు సంపాదించినాడు. ఆ యంత్రమున నీరు పిస్టను అంచులనుండి చిమ్ముకొని పోకుండ నిలిపినది ఒక తోలు బిళ్ళ. లోపల పీడనము హెచ్చిన కొలదియు దాని అంచు గోడకు మఱింత గట్టిగ అదుముకొనునట్లు గిన్నె యాకారమున దానిని వంచి కల్పించినవాడు, ఆయన కర్మశాలలో పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే యని చెప్పుదురు. సూత్రము పాస్కలుది, పేటెంటు బ్రామాది. కాని యంత్రమును నిలువబెట్టినది ఆ తోలుముక్క. తరువాతి కాలమున ద్రవ బ్రేకులకు కలిగిన కష్టములును, వానికి దొరకిన ఉపాయములును అన్నియు ఈ తోలుముక్క చుట్టునే తిరిగినవని నా యభిప్రాయము.

ద్రవ బ్రేకును బండికి తగిలింపవలెనని తలపెట్టి దానిని సాధించినవాడు కాలిఫోర్నియాకు చెందిన మాల్కం లాక్‌హీడ్. అతడును తమ్ముడు ఆలన్‌ను కలిసి నిర్మించిన సముద్ర విమానము 1913 జూన్ మాసమున శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతముపై ఎగిరినది. విమానముల వ్యాపారము అంతగా గిట్టకపోవుటచే మాల్కం 1919లో దానిని విడిచి, తన బ్రేకు పేటెంట్లను వెంటనిడుకొని డిట్రాయిట్ నగరము చేరినాడు. నేడు ఆ పేరు చెవిని బడగనే యుద్ధవిమానములు స్ఫురణకు వచ్చుచున్నవి గాని, తమ్ముడు 1926లో లాక్‌హీడ్ విమాన కంపెనీని స్థాపించునాటికే అన్నగారి బ్రేకులు రోడ్లపై తిరుగుచుండెను.

వానిని మొదట విశ్వసించినవారు ఇండియానాపొలిస్ నగరములోని డ్యూసెన్‌బర్గ్ సోదరులు. 1921 జూలైలో ఫ్రాన్సునందలి ల మాన్ పట్టణమున జరిగిన గ్రాన్ ప్రీ పోటీకి వారు తెచ్చిన బండ్లకు నాలుగు చక్రములకును ద్రవ బ్రేకులే యుండెను. పోటీకి ముందు సాధన చేయుచు ప్రమాదమునకు లోనై ప్రక్కటెముకలకు కట్టు కట్టించుకొని కూర్చున్న వారి చోదకుడు జిమ్మీ మర్ఫీ, రోడ్డు చిట్లి రాళ్ళు ఎగయుచున్నను లెక్కచేయక, ఫ్రెంచి బాలో బండ్లను వెనుకకు నెట్టి ప్రథముడై నిలిచినాడు. మలుపుల దగ్గఱ ఇతరులు వేగము తగ్గించుకొనిన తరువాత కూడ కొంత దూరము అతడు అదే వేగమున పోగలుగుట చూపఱులకు వింత గొల్పినది. అమెరికా బండి ఆ పోటీలో గెలుచుట అదియే మొదటిసారి. ఆ సంవత్సరముననే ఆ సోదరులు విక్రయమునకు పెట్టిన మోడల్ ఏ బండి, నాలుగు చక్రములకు ద్రవ బ్రేకులు గల తొలి సామాన్య వాహనముగ లెక్కింపబడుచున్నది. సామాన్య వాహన మనినది పోటీబండి కాదనుటకే గాని, దాని వెల సామాన్యులకు అందునది కాదు.

అయినను ఆ బ్రేకులు కారుట మానలేదు. బ్రామా కాలమునాటి తోలే లాక్‌హీడ్ సిలిండర్లలోను ఉండెను. నీటి యంత్రమున ఎల్లప్పుడును తడిసియుండు తోలునకును, చక్రము ప్రక్కన వేడికి ఎండి దుమ్ము తిను తోలునకును భేద మెంతో కలదు. అది బిఱుసెక్కి ముడుచుకొనిపోగా ద్రవము జాఱిపోవును; బ్రేకు క్రమక్రమముగ బలహీనమై ఒకనాడు బొత్తుగ పడకపోవును. వాల్టర్ క్రైస్లర్ క్రొత్త కంపెనీకి బండిని రూపొందించుచుండిన జీడర్, స్కెల్టన్, బ్రీర్ అను ముగ్గురు ఇంజనీర్లు ఈ పద్ధతిని తీసికొని, తోలు తొలగించి, ఆ స్థానమున రబ్బరు కప్పులను ప్రవేశపెట్టిరి. 1924 జనవరిలో న్యూయార్కునందు ప్రదర్శింపబడిన క్రైస్లర్ సిక్స్ బండి ఆ బ్రేకులతోనే వచ్చి జనాదరణము పొందినది. 1928లో అదే సంస్థవారి చవుక బండి ప్లిమత్‌కును అవే బ్రేకులు వచ్చినవి. కీర్తియంతయు లాక్‌హీడ్ పేరునకే దక్కినది గాని, ద్రవ బ్రేకును గృహస్థుని బండిలోనికి తెచ్చిన ఘనత ఈ ముగ్గురిదే యని నేను తలచెదను.

రబ్బరు రాగానే మఱియొక ప్రశ్న పుట్టినది: లోపల పోయదగిన ద్రవ మేది? నీరు శీతదేశములలో గడ్డకట్టును, ఇనుమును త్రుప్పు పట్టించును. భూమినుండి త్రవ్వి తీయు ఖనిజ తైలములు తగిలినచో ఆనాటి రబ్బరు ఉబ్బి మెత్తబడి పాడగును. రబ్బరునకు హాని చేయక, పిస్టను జాఱుటకు నునుపు నిచ్చి, చలికి గడ్డకట్టక యుండు తైలమేదియని వెదకినవారికి దొరకినది ఆముదము. అది చిక్కనిదగుటచే ఆల్కహాలు కలిపి పలుచన చేసిరి. పెక్కు సంవత్సరములపాటు బ్రేకు ద్రవమనగా ఈ మిశ్రమమే. నల్లగొండ, పాలమూరు చెలకలలో తరతరములుగ పండుచు, మన యిండ్లలో దీపములకును, ఎద్దుబండ్ల ఇరుసులకును, పసిపిల్లల కడుపునొప్పులకును అక్కఱకు వచ్చుచుండిన ఆముదమునకు మోటారు చక్రము దగ్గఱ కూడ ఒక పని దొరకినదన్నమాట. తరువాతి కాలమున గ్లైకాల్ జాతి ద్రవములు వచ్చి ఆముదమును తొలగించినను, ఖనిజ తైలమునకును బ్రేకు రబ్బరునకును గల వైరము తీఱలేదు. షెడ్డులో క్రొత్తగ చేరిన కుఱ్ఱవాడు బ్రేకు ఆయిలు డబ్బా బదులు ఇంజను ఆయిలు డబ్బా నెత్తి పోసినచో, కప్పులు మొదలుకొని రబ్బరు గొట్టముల వఱకు సమస్తమును మార్పవలసివచ్చును. కప్పులను పెట్రోలుతో కడుగుటయు అట్టిదే. అనుభవజ్ఞుడైన మేస్త్రి వానిని బ్రేకు ఆయిలుతోనే కడిగి, దానితోనే తడిపి లోపల పెట్టును.

ఇక ఈ పరికరమునకు హృదయస్థానమైన మాస్టర్ సిలిండరును గూర్చి కొంచెము విపులముగ చెప్పవలెను. అది పోత యినుముతో చేసిన చిన్న గొట్టము; పైన ఆయిలు నిలువయుండు డబ్బా, లోపల పిస్టను, పిస్టను మొగమున రబ్బరు కప్పు, కప్పునకు ఎదుట దానిని వెనుకకు నెట్టు స్ప్రింగు. డబ్బానుండి లోనికి రెండు రంధ్రములు గలవు. అందొకటి పెద్దది, రెండవది ఒక మిల్లీమీటరైనను లేని సూక్ష్మరంధ్రము. పెడలు విడిచియున్నపుడు కప్పు ఈ సూక్ష్మరంధ్రమునకు వెనుకగా నిలిచియుండును; కనుక వేడికి వ్యాకోచించిన ద్రవము ఆ దారిని డబ్బాలోనికి పోవుటకును, తఱిగినది డబ్బానుండి వచ్చుటకును వీలగును. పెడలు త్రొక్కగనే కప్పు ముందునకు జరిగి ఆ రంధ్రమును దాటును. ఆ క్షణమున ద్వారము మూసికొని, ముందున్న ద్రవము బంధింపబడి, పాస్కల్ సూత్రము పని ప్రారంభించును. పెడలునకు కొంచెము వదులు ఉండవలెనని మేస్త్రులు పట్టుపట్టుట ఊరక కాదు. తోపుకడ్డీ ఆ వదులు లేకుండ బిగిసియున్నచో కప్పు పూర్తిగ వెనుకకు రాజాలదు, రంధ్రము తెఱచుకొనదు, వేడెక్కిన ద్రవము పోవు దారిలేక షూలను తానే త్రొక్కిపట్టి, పది మైళ్ళు పోవునప్పటికి డ్రమ్ములను కాల్చివేయును.

ఇందలి బలము ఎట్లు పెరుగునో కొన్ని అంకెలతో చూడవచ్చును. చోదకుడు పెడలుపై 30 కిలోల బలముతో త్రొక్కినాడనుకొందము. పెడలు మీటవలన అది అయిదింతలై పిస్టనుపై 150 కిలోలగును. పిస్టను వ్యాసము ముక్కాలంగుళమైనచో దాని వైశాల్యము సుమారు 2.85 చదరపు సెంటీమీటర్లు. అనగా ప్రతి చదరపు సెంటీమీటరుపై 52 కిలోల పైచిలుకు పీడనము. చక్రము వద్దనున్న సిలిండరు అంగుళపు వ్యాసము గలదైనచో షూను త్రోయు బలము ఒక్కొక్క పిస్టనునకు 260 కిలోలు దాటును. ఇంతటి శక్తియు ద్రవము సంకోచింపదను ఒక్క నమ్మకముపై నిలిచియున్నది. గాలి సంకోచించును. ఈ పీడనమున ఒక ఘన సెంటీమీటరు గాలిబుడగ దాదాపు మాయమై పోవునంతగ కుంచించుకొనును. ఆ ఖాళీని నింపుటకే పిస్టను మూడున్నర మిల్లీమీటర్లు, పెడలు దాని కైదింతలుగా సుమారు 17 మిల్లీమీటర్లు వ్యర్థముగ నడువవలెను. అట్టి బుడగలు మూడు నాలుగున్నచో పెడలు నేలను తాకును గాని షూలు డ్రమ్మును తాకవు.

అందుచేతనే మాస్టర్ సిలిండరు మార్చుట ఒక యెత్తు, మార్చిన పిదప గాలి తీయుట మఱియొక యెత్తు. ఈ పనికి ఇద్దఱు కావలెను. ఒకడు బండిలో కూర్చుండి పెడలు త్రొక్కును. రెండవవాడు క్రింద పడుకొని, చక్రము వెనుకనున్న బ్లీడింగ్ నిపులునకు రబ్బరు గొట్టము తగిలించి, దాని రెండవ కొనను ఆయిలుతో సగము నింపిన గాజు సీసాలో ముంచియుంచును. "కొట్టు" అని క్రిందివాడు కేక వేయగా పైవాడు మూడు నాలుగు మాఱులు పెడలు కొట్టి, "పట్టుకో" అనగనే అదిమిపట్టి నిలుచును. అప్పుడు క్రిందివాడు నిపులును పావుచుట్టు త్రిప్పి వదులు చేయగా బుడగలతో కూడిన ఆయిలు సీసాలోనికి పాఱును, పెడలు దిగిపోవును. నిపులు మఱల బిగించిన తరువాతనే "వదులు" అనవలెను. ఈ క్రమము తప్పి, నిపులు తెఱచియుండగా పైవాడు పాదమెత్తినచో అంతవఱకు తీసిన గాలికి రెట్టింపు గాలి లోనికి ప్రవేశించును. మాస్టర్ సిలిండరునకు మిక్కిలి దూరమున నున్న చక్రముతో మొదలుపెట్టుట పాత బండ్ల ఆచారము. కుడివైపు స్టీరింగు గల మన బండ్లలో అది వెనుక ఎడమ చక్రము. మధ్యలో డబ్బాలో ఆయిలు అడుగంటినదా, శ్రమ యంతయు వ్యర్థము. ఒంటరిగ పనిచేయువారికై పీడనముతో ఆయిలు నెట్టు పరికరములును, నిపులునుండి పీల్చు పంపులును తరువాత వచ్చినవి గాని, ఈ ఇద్దఱి పద్ధతి అంతరింపలేదు. పాదమునకు తెలియు గట్టిదనమును ఏ పరికరమును చెప్పజాలకపోవుటయే అందుకు కారణమని నా నమ్మకము.

పాదముననుసరించి రోగనిర్ణయము చేయుట మేస్త్రులకు వెన్నతో పెట్టిన విద్య. పెడలు స్పంజి వలె మెత్తగ దిగి, రెండు మూడు మాఱులు కొట్టిన పిదప గట్టిపడినచో లోపల గాలి చేరినదని అర్థము. గట్టిగ నిలిచిన పెడలు, పాదము అదిమిపట్టియుండగనే మెల్లమెల్లగ జాఱిపోయి, బయట నెక్కడను ఆయిలు చుక్క కనబడకున్నచో, మాస్టర్ సిలిండరులోని కప్పు అఱిగి ద్రవము దాని ప్రక్కగా వెనుకకు పోవుచున్నదని తెలియవలెను. ఈ రెంటికిని భేదము తెలియక, సిలిండరు మార్పవలసిన చోట గాలి తీయుచు పూట గడపినవారు ఎందఱో.

భారతదేశమున ఈ విద్య ప్రబలుట బండ్ల కఱవువలన. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో నెలకొని, మొదట గుజరాతు తీరమునందలి ఓఖా రేవులో బండ్లు కూర్చి, 1948లో కలకత్తా దగ్గఱి ఉత్తరపాడాకు మారినది. వాల్చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ బొంబాయిలోను, స్టాండర్డ్ కంపెనీ మద్రాసులోను పనిచేసెను. విదేశపు బండ్ల దిగుమతి కట్టుబడిపోగా, ఒకమాఱు కొన్న బండిని ఇరువది ముప్పది సంవత్సరములు నడుపుకొనవలసిన యక్కఱ యేర్పడినది. 1962లో మద్రాసు సమీపమున పాడిలో, టీవీయస్ వారును ఇంగ్లండునందలి గర్లింగ్ వారును కలిసి బ్రేక్స్ ఇండియా సంస్థను నెలకొల్పువఱకు ఈ పరికరములకు చాలవఱకు విదేశములే దిక్కు.

ఆ కాలపు బండ్లలో హిందుస్థాన్ వారు బేబీ హిందుస్థాన్ అను పేర విక్రయించినది ఇంగ్లండు వారి మోరిస్ మైనర్. ఎలెక్ ఇసిగోనిస్ రూపొందించి 1948లో లోకమునకు చూపిన ఆ బండి అన్ని విధముల ప్రశంసాపాత్రమే గాని, దాని మాస్టర్ సిలిండరును ఉంచిన చోటు మాత్రము మేస్త్రుల శాపములకు గుఱియైనది. అది చోదకుని పాదముల క్రింద, చట్రపు కమ్మీ లోపల దాగియుండును. ఆయిలు పోయవలెనన్నను తివాచీ నెత్తి, నేలలోని మూతపలకను విప్పవలెను. దానిని పట్టియుంచు పొడుగుపాటి బోల్టులను బయటకు లాగబోయినచో, ముందు చక్రముల సస్పెన్షనునకు చెందిన టార్షన్ కడ్డీ అడ్డుపడును. కడ్డీని సడలించి తప్పించినగాని బోల్టు రాదు. ఒకమాఱు ఈ ప్రయాస పడినవాడు మఱల బిగించునపుడు బోల్టులను ఎదుటి ప్రక్కనుండి దూర్చును. రెండవమాఱు విప్పవలసివచ్చినచో కడ్డీ జోలికి పోనక్కఱ యుండదు. కంపెనీ పుస్తకమున లేని ఈ యుపాయమును ఇంగ్లండునందలి మైనర్ యజమానులు నేటికిని పాటించుచున్నారు.

విప్పిన సిలిండరును పాఱవేయుట ఆనాడు ఎవరికిని తోచదు. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చును. ఆ తేమ అడుగున చేరి పోత యినుమును గుంటలు గుంటలుగ తినివేయును. ఆ గుంటలపై ఒరసి కప్పు అంచు చిరుగును. మేస్త్రి దానిని బెంచి వైసులో బిగించి, హోనింగ్ రాళ్ళతో లోపలిగోడను సానపట్టి, క్రొత్త రబ్బరు కిట్టు వేసి మఱల అమర్చును. విజయవాడ ఆటోనగర్ వంటి పేటలలో ఈ పనిమీదనే పెరిగిన షెడ్డులు గలవు. ఇది పొదుపే గాని అపాయము లేని పొదుపు కాదు: సాన ఎక్కువైనచో రంధ్రము పెద్దదై కప్పు వదులగును. తరువాత వచ్చిన అల్యూమినియం సిలిండర్ల లోపలి గట్టిపూత సానకు నిలువదు. పూత పోయినచో లోహము కొలది కాలమునకే అఱిగిపోవును. అందువలన కిట్టు వేయుట తగ్గి సిలిండరునే మార్చుట పరిపాటియైనది. చేతిపని తఱిగినదని విచారించువారిని నేనెఱుగుదును. బ్రేకుల విషయమున ఆ విచారమును నేను పంచుకొనజాలను.

ఒక్క గొట్టము పగిలినచో నాలుగు చక్రముల బ్రేకులును ఒక్కసారిగ పోవుననునది ఈ పద్ధతిపై మొదటినుండియు ఉన్న ఆక్షేపణ. హెన్రీ ఫోర్డు 1939 మోడలు వఱకు తన బండ్లకు కడ్డీ బ్రేకులనే పట్టుకొని వ్రేలాడుటకు ఇది యొక హేతువు. ఆ మొండితనమును పరిహసించుట సులభము, కాని ఆ భయము నిరాధారము కాదు. చేతిబ్రేకును నేటికిని పెక్కు బండ్లలో తీగెతో వేఱుగ నడుపుచుండుట ఆ భయమునకే గుర్తు. ఒకే గొట్టములో రెండు పిస్టనులను ఒకదాని వెనుక ఒకటి పెట్టి, రెండు వేఱువేఱు మార్గములకు ద్రవమును నడుపు జంట మాస్టర్ సిలిండరును అమెరికన్ మోటార్స్, క్యాడిలాక్ వారలు 1962లో తమ బండ్లన్నింట ప్రవేశపెట్టిరి. 1968 జనవరినుండి అమెరికా ప్రభుత్వము దానిని నిర్బంధము చేసెను. ఈ జంట సిలిండరుతో మేస్త్రులకు క్రొత్త పని వచ్చినది. దానిని బండికి బిగింపకముందే బెంచిపై ఆయిలు నింపి, పిస్టనును మెల్లగ నొక్కుచు లోపలి గాలిని పోగొట్టవలెను. లేనిచో రెండు పిస్టనుల నడుమ చిక్కిన బుడగను చక్రముల దగ్గఱనుండి తీయుట బ్రహ్మకైనను తరము కాదు.

తేమ చేయు కీడు సిలిండరుతో ముగియదు. డాట్ 3 తరగతి ద్రవము క్రొత్తగ ఉన్నపుడు కనీసము 205 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు మరగరాదు. అదే ద్రవము 3.7 శాతము నీరు పీల్చిన తరువాత 140 డిగ్రీలకే మరగినను నియమమునకు లోబడినట్లే. 1944లో వేయబడి నేడు దిగుటకు మాత్రమే వాడబడుచున్న తిరుమల మొదటి ఘాట్ రోడ్డు వంటి దారిలో, గేరు తగ్గింపక కేవలము బ్రేకుపై ఆధారపడి బండిని దింపువానికి ఈ రెండంకెలకు గల యంతరము ప్రాణాంతకము కావచ్చును. మరగిన ద్రవము ఆవిరియగును; ఆవిరి గాలివలెనే సంకోచించును; పెడలు నేలకంటును. చల్లారిన తరువాత బ్రేకు మఱల పడును గనుక, క్రింద షెడ్డులో చూచినవానికి ఏ లోపమును కనబడదు. సిలిండరు మార్చకున్నను రెండేండ్ల కొకమాఱు ద్రవమును మార్పుడని కంపెనీలవారు వ్రాయుట ఇందుకే. తీరప్రాంతముల వానకాలపు గాలిలో మూత వదులుగ నుంచిన డబ్బాలోని ఆయిలు అంత కాలమైనను ఆగదు.

1978లో బాష్ కంపెనీవారు మెర్సిడెస్ బండికి అమర్చిన, బ్రేకు పడినపుడు చక్రములు బిగిసిపోకుండ కాపాడు ఏబీయస్ పద్ధతి, మన దేశమున 2019 ఏప్రిల్ నుండి కార్లన్నిటికిని విధి యైనది. మాస్టర్ సిలిండరునకును చక్రములకును నడుమ ఇప్పుడొక పెట్టె వచ్చి చేరినది. దానిలో సూక్ష్మ కవాటములును ఒక చిన్న పంపును గలవు. సిలిండరు మార్చునపుడు గాలి ఆ పెట్టెలోనికి చొచ్చినచో, పెడలు ఎన్ని మాఱులు కొట్టినను మూసియున్న కవాటముల వెనుకనుండి అది వెలికి రాదు. కంప్యూటరు స్కానరును తగిలించి ఆ పంపును, కవాటములను ఆడించుచు, ఆ సమయముననే క్రిందివాడు నిపులు విప్పవలెను. పెడలు మీది మనిషియు క్రింది మనిషియు అట్లే యుండగా, ప్రక్కన స్కానరు పట్టుకొని మూడవవాడు నిలుచుచున్నాడు.